పాతకాలపు కోచ్‌బిల్ట్ కారు కొనేముందు బాడీని చదవడం ఎలా?

ఇంజిన్ బాగుందో లేదో అరగంటలో తేలిపోతుంది. కంప్రెషన్ చూడొచ్చు, ఆయిల్ రంగు చూడొచ్చు, చెవి పెట్టి వినొచ్చు. పాడైతే బాగుచేసేవాళ్లు దొరుకుతారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన ఖరీదైన కారు కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది బాడీ దగ్గర. ఆ బాడీ ఎవరు కట్టారు? ఎప్పుడు కట్టారు? ఈ ఛాసిస్ కోసమే కట్టారా? లోపల పాత చెక్క ఎంత మిగిలింది? కారు విలువలో పెద్ద భాగం ఈ నాలుగు ప్రశ్నల మీదే నిలబడి ఉంటుంది. జవాబులు కూడా కారులోనే ఉంటాయి, కాకపోతే కంటికి కనిపించని చోట్ల ఉంటాయి. ఆ చోట్లు ఏవో, అక్కడ ఏం చూడాలో వరుసగా చెబుతాను.

ముందుగా: ఒకే కారుకు రెండు పుట్టుకలు

ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ పూర్తి కారు అమ్మేది కాదు. ఇంజిన్, గేర్‌బాక్స్, రేడియేటర్, స్టీరింగ్, చక్రాలతో ఛాసిస్ ఇచ్చేది. కొన్నవాళ్లు దాన్ని హూపర్‌కో, బార్కర్‌కో, త్రప్ అండ్ మేబర్లీకో పంపి తమకు నచ్చినట్టు బాడీ కట్టించుకునేవాళ్లు. లారీ ఛాసిస్ కొని బాడీ షెడ్డుకు పంపినట్టే అనుకోండి. ఇలా వేరే సంస్థ చేత బాడీ కట్టించిన కారునే కోచ్‌బిల్ట్ కారు అంటారు. ఫ్యాక్టరీలోనే బాడీ బిగించి అమ్మిన మొదటి రోల్స్‌రాయిస్ 1949 నాటి సిల్వర్ డాన్. అమెరికాలోనూ ఇదే పద్ధతి ఉండేది. డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె 1928లో వచ్చినప్పుడు ఒట్టి ఛాసిస్ ధరే 8,500 డాలర్లు. మర్ఫీ, లెబారన్, రోల్‌స్టన్ లాంటివాళ్లు కట్టే బాడీకి ఖర్చు వేరే.

బోల్టులతో బిగించిన బాడీని బోల్టులు విప్పి దించేయొచ్చు. అలా దించేసిన కార్లు చాలా ఉన్నాయి. ఫ్యాషన్ మారిందని కొందరు కొత్త బాడీ కట్టించారు. యుద్ధం తర్వాత పెద్ద పెద్ద లిమోజిన్లు శవవాహనాలైపోయాయి. మూసిన సెలూన్ల కంటే టాప్ తీసే కార్లకు ధర ఎక్కువ పలకడం మొదలయ్యాక, 1920ల బెంట్లీ సెలూన్ల బాడీలు ఎన్నో ఊడదీసి ఓపెన్ టూరర్లుగా మార్చేశారు.

అందుకే మీ ముందున్న కారు ఈ నాలుగు రకాల్లో ఏదో ఒకటి అవుతుంది. ఛాసిస్ కొత్తగా ఉన్నప్పుడు కట్టిన బాడీ ఇప్పటికీ దాని మీదే ఉండటం ఒకటి. ఆ కాలంలోనే బాడీ మార్చి ఉండటం రెండోది. అదే కాలపు మరో కారు బాడీని తర్వాతెప్పుడో తెచ్చి బిగించడం మూడోది. పాత డిజైన్ చూసి ఈమధ్య కొత్తగా కట్టింది నాలుగోది.

రెండో రకాన్ని తక్కువగా చూడకండి. గుండ్రటి తలుపుల రోల్స్‌రాయిస్‌గా పేరుపడ్డ 1925 ఫాంటమ్ 1 మొదట హూపర్ కట్టిన క్యాబ్రియోలే, అంటే టాప్ మడిచే కారు. 1934లో బెల్జియంకు చెందిన యాంకేర్ సంస్థ దానికి పూర్తిగా కొత్త రూపం ఇచ్చింది. ఇప్పుడు లాస్ ఏంజెలస్‌లోని పీటర్సన్ మ్యూజియంలో దాన్ని చూడటానికి జనం వెళ్లేది ఆ రెండో బాడీ కోసమే. నాలుగో రకం కూడా, ఉన్నది ఉన్నట్టు చెబితే, గౌరవంగా బతకగలదు. బుగాటీ రాయల్‌ను 1932లో కొన్న ఆర్మాండ్ ఎస్డెర్స్ రాత్రిపూట నడపను కదా అని హెడ్‌లైట్లు లేకుండానే కట్టించుకున్నారు. ఆ ఛాసిస్ మీదకు తర్వాత బిండర్ కట్టిన వేరే బాడీ వచ్చింది. ఎస్డెర్స్ కారు రూపాన్ని మళ్లీ నిర్మించి ఫ్రాన్స్‌లోని ములూజ్ మ్యూజియంలో పెట్టారు. అది పునర్నిర్మాణమని అక్కడ బాహాటంగానే చెబుతారు. తప్పు వచ్చేదల్లా నాలుగో రకాన్ని మొదటి రకం ధరకు అమ్మినప్పుడే. ఈ పరీక్షలన్నీ ఆ రెండింటికీ మధ్య తేడా పట్టుకోవడానికే.

మొదటి అడుగు: కారు దగ్గరికి వెళ్లకముందే కాగితాలు చదవండి

అమ్మేవాళ్లను ముందుగా నాలుగు నంబర్లు అడగండి: ఛాసిస్, ఇంజిన్, బాడీ, రిజిస్ట్రేషన్. బాడీ నంబరు అనగానే కొందరు తడబడతారు. దానికి కంగారు పడనక్కర్లేదు, చాలామంది యజమానులకు అది ఎక్కడుంటుందో తెలియదు. నంబర్ల ఫొటోలు మాత్రం అడగండి. నోటిమాట సరిపోదు.

రోల్స్‌రాయిస్‌కు, ఆ సంస్థ కింద తయారైన బెంట్లీకి ఒక పెద్ద వరం ఛాసిస్ కార్డు. కారు తయారైనప్పుడు ఫ్యాక్టరీ రాసుకున్న రికార్డు అది. ఆర్డర్ ఇచ్చిందెవరు, ఛాసిస్ ఏ బాడీ సంస్థకు ఏ తేదీన వెళ్లింది, ఎలాంటి బాడీకి ఆర్డరు, స్టీరింగ్ కాలమ్ ఎంత వాలుగా ఉండాలి, యాక్సిల్ నిష్పత్తి ఎంత, ఇలాంటివన్నీ అందులో దొరుకుతాయి. ఆ కార్డుల నకళ్లు రోల్స్‌రాయిస్ ఎంథూజియాస్ట్స్ క్లబ్ ద్వారా తెప్పించుకోవచ్చు. డ్యూసెన్‌బర్గ్ అయితే ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ క్లబ్ కార్లను పరిశీలించి ధ్రువపత్రాలు ఇస్తుంది. ఈ కార్లలో ఇంజిన్లు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మారడం మామూలు. కాబట్టి జె అక్షరంతో మొదలయ్యే ఇంజిన్ నంబరు ఒక్కటే చూసి ఆగిపోకూడదు, ఛాసిస్ నంబరు, బాడీ నంబరు కూడా కలవాలి.

కార్డు చదివేటప్పుడు చిన్న వివరాలే ఎక్కువ పనికొస్తాయి. కార్డులో లిమోజిన్ అని ఉండి మీకు చూపిస్తున్నది రెండు తలుపుల స్పోర్ట్స్ కారైతే సంగతి వెంటనే తెలిసిపోతుంది. పట్టుకోవడం కష్టమయ్యేది రెండూ సెలూన్లే అయినప్పుడు. అప్పుడు స్టీరింగ్ వాలు చూడండి. డ్రైవరు నిటారుగా కూర్చునే లిమోజిన్‌కు స్టీరింగ్ ఎత్తుగా పెట్టేవాళ్లు, యజమాని స్వయంగా నడిపే తక్కువ ఎత్తు కారుకు బాగా వంచేవాళ్లు. కార్డులోని వాలుకూ బాడీ ఎత్తుకూ పొంతన లేకపోతే ఎందుకో అడగాలి.

తర్వాత పాత ఫొటోలు వెతకండి. బాడీ సంస్థలు తమ పనిని ఫొటోలు తీయించి పెట్టుకునేవి. ప్యారిస్, లండన్ మోటార్ షోల్లో నిలబెట్టిన కార్లు ఆనాటి పత్రికల్లో అచ్చయ్యేవి. ఫొటో దొరికితే అందాన్ని పక్కనపెట్టి లెక్కపెట్టండి: ఒక్కో తలుపుకు మడత బందులెన్ని, బానెట్ పక్కన గాలి చీలికలెన్ని, నడుం గీత (కిటికీల కింద బాడీ పొడవునా సాగే గీత) ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, వెనక కిటికీ మూలలు గుండ్రమా పలకలా. డిజైన్ చూసి కాపీ కొట్టేవాళ్లు ఒంపులు బాగానే పట్టుకుంటారు, ఈ లెక్కల దగ్గరే తప్పుతారు.

పాత బిల్లులు, ఉత్తరాలు చూపిస్తే వాటి మీద అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూడండి. కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనాలు 1950ల నుంచే వాడుకలో పెరిగాయి. 1929 నాటి బిల్లు నీలంగా వెలిగిపోతుంటే అది 1929 కాగితం కాదన్నమాట.

రెండో అడుగు: వెంట తీసుకెళ్లాల్సినవి, ముందే అడగాల్సిన అనుమతి

మంచి టార్చ్, చిన్న అద్దం, ఫోనుకు తగిలించే ఎండోస్కోప్ కెమెరా, కొలత టేపు, అయస్కాంతం, చెక్కలో తేమ కొలిచే మీటరు, మొద్దు సూది, పెయింట్ మందం కొలిచే పరికరం తీసుకెళ్లండి. పరికరం కొనేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. అయస్కాంత పద్ధతి మీటరు ఇనుము మీదే పనిచేస్తుంది. ఈ బాడీల్లో ఎక్కువ భాగం అల్యూమినియం కాబట్టి రెండు లోహాల మీదా పనిచేసే రకం కావాలి.

ఫ్లోర్‌బోర్డులు ఎత్తుతానని, ఒక తలుపు లోపలి ప్యానెల్ విప్పుతానని, కారు కింద పడుకుని చూస్తానని ముందే ఫోన్లో చెప్పండి. ఆ స్క్రూలు తీసే పని యజమాని మనిషే చేస్తే ఇంకా మంచిది. ఖరీదైన కారును ఎవరో విప్పుతారంటే ఎవరికైనా టెన్షన్ ఉంటుంది, అర్థం చేసుకోవాలి. అయినా ఒక్క ఫ్లోర్‌బోర్డు కూడా ఎత్తనివ్వనంటే నేనైతే ప్రయాణం మానుకుంటాను.

పాత బ్రేక్ లైనింగుల్లో, ఇంజిన్ వెనక వేడి తగలకుండా పెట్టిన పలకల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఊదడం, గీకడం, బ్రష్షుతో దులపడం వద్దు. మాస్కు పెట్టుకోండి.

మూడో అడుగు: దూరం నుంచి చూడండి, తర్వాత తలుపు తెరవండి

ముందు పది అడుగుల దూరంలో, కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని నడుం గీతను చివరి దాకా చూడండి. మంచి బాడీ సంస్థ గీసిన గీత రేడియేటర్ నుంచి వెనకదాకా ఎక్కడా తడబడదు. బానెట్ ముగిసి బాడీ మొదలయ్యే చోట ఒక పిసరు ఎత్తు తేడా ఉన్నా, గీత విరిగినట్టున్నా గుర్తుపెట్టుకోండి. బానెట్ ఛాసిస్‌తో వస్తుంది, బాడీ తర్వాత వస్తుంది. ఒకదాని కోసం ఒకటి పుట్టనివి కలిస్తే ఆ కలయిక మొదట తెలిసేది ఇక్కడే.

తలుపుల చుట్టూ సందు చూడండి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే చెక్క చట్రం వంగిందని అర్థం. తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని మెల్లగా పైకెత్తండి. మడత బందు దగ్గర లొడలొడలాడితే పిన్ను అరిగింది, అది చిన్న పని. మడత బందుతోపాటు తలుపును మోసే స్తంభమే కదిలితే లోపల చెక్క పోయింది, అది పెద్ద పని. ఈ రెండింటికీ మధ్య ఖర్చులో ఎంతో తేడా ఉంటుంది. అందుకే ఒక చేత్తో తలుపు ఎత్తుతూ రెండో చేతి వేలిని మడత బందుకూ స్తంభానికీ మధ్య ఆనించి ఉంచండి. కదలిక ఎక్కడుందో వేలు చెబుతుంది.

తలుపు వేసినప్పటి చప్పుడు కూడా వినండి. గట్టి చట్రమున్న తలుపు ఒక్కసారి గుబుక్కుమని ఆగుతుంది. పుచ్చిన చట్రమైతే వెనకాల ఇంకో చిన్న గిలగిల వినిపిస్తుంది.

నాలుగో అడుగు: కారు కింద

కారును స్టాండ్ల మీద నిలబెట్టనిదే కిందికి వెళ్లకండి. జాకీని నమ్మొద్దు.

ముందు వీల్‌బేస్, అంటే ముందు చక్రాల మధ్య నుంచి వెనక చక్రాల మధ్యకు ఉన్న దూరం, కొలవండి. రోల్స్‌రాయిస్ ఫాంటమ్ 2 రెండు పొడవుల్లో వచ్చింది: 144 అంగుళాలు, 150 అంగుళాలు. డ్యూసెన్‌బర్గ్ జె కూడా ముఖ్యంగా రెండు పొడవుల్లో వచ్చింది: 142.5, 153.5 అంగుళాలు. మీ కొలత రెండింటికీ సరిపోకపోతే ఛాసిస్‌ను ఎవరో కోసి పొట్టి చేసి ఉండొచ్చు. పొడవాటి లిమోజిన్ ఛాసిస్‌ను కోసి స్పోర్ట్స్ బాడీ కింద పెట్టడం పాత అలవాటే. కొలతతోపాటు ఛాసిస్ దూలాల మీద అతుకు కోసం చూడండి. వరుసగా పోతున్న రివెట్ల మధ్య ఉన్నట్టుండి బోల్టులు కనిపిస్తే, దూలం మీద అడ్డంగా వెల్డింగ్ గీత ఉంటే అక్కడ ఆగి ఫొటో తీయండి.

తర్వాత బెజ్జాలు. నాకు ఈ పరీక్ష మీద ఉన్న నమ్మకం మరే పరీక్ష మీదా లేదు. బాడీని ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టుల చోట్లన్నీ వెతికి, ఒక కాగితం మీద ఛాసిస్ బొమ్మ గీసుకుని గుర్తు పెట్టండి. వాటి పక్కనే వాడకంలో లేని బెజ్జాలుంటే వాటినీ వేరే రంగుతో గుర్తించండి. ఫ్యాక్టరీ తన అవసరాలకు వేసిన బెజ్జాలు కుడి ఎడమల సమానంగా, శుభ్రంగా ఉంటాయి. బాడీ సంస్థ వేసినవి బాడీని బట్టి ఉంటాయి. ఇప్పటి బాడీ బోల్టులకు కాస్త అటూ ఇటూగా ఇంకో వరుస ఖాళీ బెజ్జాలు కనిపిస్తే, ఈ ఛాసిస్ మీద ఒకప్పుడు వేరే బాడీ కూర్చుంది. రంగు వేసి, గ్రీజు పూసి దాచినా వేలితో తడిమితే తెలుస్తాయి.

ఛాసిస్ నంబరు రేకు మీద మాత్రమే ఉంటే సరిపోదు. రేకుకు రివెట్లు రెండే, మార్చడం తేలిక. ఛాసిస్ దూలం మీద కొట్టిన నంబరును వెతికి చూడండి. అంకెల చుట్టూ లోహం గుంటపడ్డట్టు, రుద్దినట్టు ఉంటే అనుమానించాలి.

అయిదో అడుగు: చెక్కను చదవడం

అసలు పని ఇక్కడుంది. రోజంతా ఉంటే సగం రోజు దీనికే ఇవ్వండి.

ఆ కాలపు బాడీల్లో ఎక్కువ శాతానికి అస్థిపంజరం యాష్ కలప. గట్టిది, సాగే గుణమున్నది, ఆవిరి పట్టించి వంచితే మాట వింటుంది, స్క్రూను బాగా పట్టుకుంటుంది. ఒక్క లోపం ఉంది: తడికి అస్సలు ఆగదు, పురుగుకూ ఇష్టమైన కలప. చట్రం మీద 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు చుట్టి, అంచులను చెక్క మీదకు మడిచి చిన్న మేకులతో బిగించేవాళ్లు. వాన నీళ్లు కిటికీ అద్దం పక్కనుంచి తలుపులోకి దిగి, కింద బయటికి పోయే దారి మూసుకుపోతే అక్కడే నిలిచిపోతాయి. అందుకే కుళ్లు ఎప్పుడూ కింద మొదలవుతుంది. తలుపు అడుగు బద్ద, తలుపు కింది గడప, గడపలోకి దిగే స్తంభాల మొదళ్లు, వెనక చక్రాల మీది వంపు, ముందు అద్దం ఫ్రేము మూలలు, ఈ వరుసలో చూడండి.

తేమ మీటరు ముందు కారులో ఎప్పుడూ తడవని చోట పెట్టి చూడండి, సీటు వెనక బద్ద లాంటిది. తర్వాత గడపల్లో, స్తంభాల మొదళ్లలో చూడండి. తేమ 20 శాతం దాటిన చెక్కలో బూజు బతుకుతుంది. 12, 14 ఉంటే మంచిది. సంఖ్య కంటే తేడా ఎక్కువ చెబుతుంది. పైన 12, కింద 22 ఉంటే నీళ్లు ఇప్పటికీ దిగుతున్నాయి. మొద్దు సూదితో మెల్లగా నొక్కండి. మంచి యాష్ సూదిని దిగనివ్వదు. పుచ్చిన చెక్కలోకి రొట్టెలోకి దిగినట్టు దిగుతుంది. సన్నటి గుండ్రటి బెజ్జాలు, వాటి కింద పిండిలాంటి పొడి ఉంటే పురుగు. పొడి తాజాగా, లేత రంగులో ఉంటే అది ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు వయసు. తొంభై ఏళ్ల యాష్ బయట ముదురు తేనె రంగులోకి, కొన్నిచోట్ల బూడిద రంగులోకి తిరుగుతుంది. మేకుల చుట్టూ నల్లటి మరకలుంటాయి. కొత్త చెక్కకు రంగు పూసి ముసలిదాన్ని చేయొచ్చు, కాబట్టి రంగు ఒక్కటీ నమ్మకండి. మేకు బెజ్జాలు చూడండి. రేకు అంచు పట్టిన మేకుల వెంట పాత బెజ్జాల వరుస ఉంటే ఆ రేకును ఎప్పుడో ఒకసారి తీసి మళ్లీ బిగించారు. చట్రం మొత్తంలో ఒక్క అదనపు బెజ్జం లేకుండా, ప్రతి బద్దా ఒకే రంగులో, ఒకే నునుపులో ఉంటే నాకు సంతోషం కంటే అనుమానమే ముందు కలుగుతుంది. తొంభై ఏళ్లలో ఏదో ఒక మూల ఒక అతుకైనా పడి ఉండాలి. అక్కడక్కడా కొత్త ముక్క, దాని పక్కన ముదురు రంగు పాత చెక్క, రెండింటినీ కలిపిన పొడవాటి వాలు అతుకు కనిపిస్తే అది బతికి బట్టకట్టిన అసలు చట్రం.

ప్రతి బాడీలోనూ ఇదే చెక్క, ఇదే పద్ధతి ఉంటుందనుకోకండి. 1920ల్లో వేమన్ పద్ధతి బాడీల్లో ఒక బద్ద ఇంకో బద్దను తాకదు. మధ్యలో సన్నటి సందు వదిలి ఉక్కు పలకలతో కలుపుతారు, పైన రేకుకు బదులు గుడ్డ కప్పుతారు. కిర్రుమనే శబ్దం రాకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు అది. అలాంటి బాడీలో అతుకులు కాస్త కదులుతుంటే అది లోపమనుకుని జిగురు పోసేసినవాళ్లున్నారు. అలా చేస్తే ఆ పద్ధతి మొత్తం పాడైపోతుంది. పార్క్ వార్డ్ 1930ల్లో ఉక్కు చట్రాలు మొదలుపెట్టింది, అక్కడ చెక్క వెతికి లాభం లేదు, తుప్పు వెతకాలి. మిలన్‌కు చెందిన టూరింగ్ సంస్థ 1936లో పేటెంట్ తీసుకున్న సూపర్‌లెజ్జేరా పద్ధతిలో సన్నటి ఉక్కు గొట్టాల మీద అల్యూమినియం రేకు ఉంటుంది. రెండు లోహాలు తాకేచోట తడి చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. రేసు డ్రైవరు ఆంద్రే డ్యూబొనే కోసం 1924లో విమానాల సంస్థ న్యూపోర్ కట్టిన హిస్పానో సూయిజా కారైతే సన్నటి చెక్క బద్దలే పైపొర, వాటిని పట్టి ఉంచేది వేలాది రివెట్లు. ఆ కారు అదే ఏడాది టార్గా ఫ్లోరియో రేసులో పరుగెత్తి ఆరో స్థానంలో వచ్చింది.

ఆరో అడుగు: రేకు

పెయింట్ మందం బాడీ అంతా ఒక వరుసలో కొలిచి రాసుకోండి. ఒకచోట ఉన్నట్టుండి పెరిగితే కింద లప్పం ఉంది. కొంచెం లప్పం ఉండటం తప్పు కాదు, గడపల పొడవునా ఉంటే మాత్రం రేకు, దాని వెనక చెక్క రెండూ ఎలా ఉన్నాయో ఆలోచించండి.

రేకు బయటి నునుపు మీకు ఏమీ చెప్పదు. లోపలి వైపు చూడాలి. ఫ్లోర్‌బోర్డు పక్కనుంచి, డిక్కీ లోపలి నుంచి కెమెరా దూర్చి చూస్తే, చేత్తో సాగదీసిన రేకు మీద చక్రం నడిచిన మెత్తటి గుర్తులు, సుత్తి దెబ్బల చిన్న చిన్న పలకలు కనిపిస్తాయి. ఆ కాలంలో అల్యూమినియాన్ని గ్యాస్ మంటతో అతికేవాళ్లు. ఆ అతుకు వెడల్పుగా, మెత్తగా, సుత్తితో అణిచినట్టుంటుంది. సన్నగా, నాణేలు పేర్చినట్టు వరుసగా ఉండే అతుకు ఈ కాలపు టిగ్ వెల్డింగ్. అది ఒక మూలలో ఉంటే మరమ్మతు, బాడీ అంతా ఉంటే కొత్త బాడీ.

రివెట్లు కూడా సాక్ష్యం చెబుతాయి. బుగాటీ అట్లాంటిక్ వెన్ను మీద రివెట్ల వరుస చూసి అందరూ అలంకారం అనుకుంటారు. దానికి ముందు 1935లో చేసిన ఎయ్‌రోలిత్ కారుకు మెగ్నీషియం మిశ్రమపు రేకు వాడారు. దాన్ని వెల్డింగ్ చేయడం కష్టం, అందుకే అంచులు పైకి మడిచి రివెట్లు కొట్టారు. తర్వాతి కార్లకు అల్యూమినియం వాడినా ఆ రూపాన్ని ఉంచేశారు. మీరు చూస్తున్న కారులో ఏదైనా వింతగా కనిపిస్తే అది అందం కోసమా, అవసరం కోసమా అని ఇలాగే అడిగి చూడండి. చాలాసార్లు ఆ జవాబు కట్టినవాడి దాకా తీసుకెళ్తుంది.

ఏడో అడుగు: బాడీ నంబరు, స్క్రూలు

తలుపు గడప మీద బాడీ సంస్థ పేరున్న అందమైన రేకు ఉంటుంది. అందరూ మొదట చూసేది అదే, సాక్ష్యంగా అన్నింటికన్నా బలహీనమైనదీ అదే. అలాంటి రేకులు కొత్తవి చేయించొచ్చు, వేరే కారు నుంచి తీసి పెట్టొచ్చు. నేను ఒకసారి అలాంటి ఒక రేకును చూసి దాదాపు నమ్మేశాను. దాని నాలుగు స్క్రూలు విప్పితే కింద చెక్కలో మరో నాలుగు బెజ్జాలు, వేరే కొలతలో ఉన్నాయి. అంతకుముందు అక్కడ ఇంకెవరి పేరో ఉండేదన్నమాట.

అసలు నంబరు ఎవరూ చూడని చోట ఉంటుంది. ఒకే షెడ్డులో ఒకేసారి చాలా బాడీలు తయారయ్యేవి, తలుపులు, ప్యానెళ్లు, సీట్లు కలిసిపోకుండా పనివాళ్లు ప్రతి ముక్క మీదా ఆ పని నంబరు కొట్టుకునేవాళ్లు, లేదా పెన్సిల్‌తో రాసుకునేవాళ్లు. తలుపు లోపలి ప్యానెల్ వెనక, సీటు చట్రం అడుగున, ఫ్లోర్‌బోర్డు కింద, కిటికీ చుట్టూ ఉండే పాలిష్ చెక్క ముక్కల వెనక వెతకండి. ఒకే నంబరు మూడు నాలుగు చోట్ల కనిపించి, అది కాగితాల్లోని నంబరుతో కలిస్తే ఇంతకంటే గట్టి రుజువు దొరకదు. నాలుగు ముక్కల మీద ఒక నంబరు, ఒక తలుపు మీద మాత్రం వేరే నంబరు ఉంటే ఆ తలుపు వేరే కారుది.

ఆ స్క్రూలనూ వదలకండి. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూలు 1930ల మధ్య వరకు కార్లలో లేవు. 1927 నాటిదని చెప్పే బాడీలో దాచిన చోట ప్లస్ స్క్రూ కనిపిస్తే ఆ భాగాన్ని తర్వాత ఎవరో విప్పారు, లేదా తర్వాత కట్టారు. గీత తల స్క్రూలే ఉన్నా, వాటి గీతలు చెదిరి, పదిసార్లు విప్పి బిగించినట్టుంటే ఆ చోటును ఇంకాస్త శ్రద్ధగా చూడండి.

ఎనిమిదో అడుగు: లోపలి తోలు, గుడ్డ, రంగు పొరలు

ఇది తొందరగా అయిపోతుంది. సీటు తోలు మారి ఉండటం సహజం, దాన్ని పెద్దగా పట్టించుకోవద్దు. మారని చోట్లు చూడండి: డ్యాష్‌బోర్డ్ అడుగున, తలుపు జేబుల లోపల, కార్పెట్ కింద. కుట్టుదారం అల్ట్రావయొలెట్ వెలుతురులో మెరిస్తే కొత్తది కావొచ్చు. డిటర్జెంట్‌తో ఉతికిన పాత గుడ్డ కూడా మెరుస్తుంది కాబట్టి ఈ ఒక్కదాని మీద తీర్పు చెప్పకండి.

ఏదో ఒక దాగిన మూలలో రంగు పెచ్చు ఊడి ఉంటే దాని అంచును భూతద్దంతో చూడండి. త్వరగా ఆరే సెల్యులోజ్ రంగులు కార్ల మీదకు వచ్చింది 1920ల మధ్యలో. అంతకుముందు వార్నిష్ పొరల మీద పొరలు ఆరబెట్టుకుంటూ వారాలపాటు వేసేవాళ్లు. పాత బాడీకి పెచ్చులో నాలుగైదు రంగుల పొరలు కనిపిస్తాయి. అన్నిటికన్నా అడుగున ఉన్న రంగు ఛాసిస్ కార్డులోనో పాత వర్ణనలోనో ఉన్న రంగుతో కలిస్తే ఆ పెచ్చును ఊడనివ్వకుండా కాపాడండి.

తొమ్మిదో అడుగు: కూడిక వేయండి

ఇంటికొచ్చాక ఒక పెద్ద కాగితం మీద కారు బొమ్మ గీసి, ప్రతి భాగం మీద మీరు చూసింది రాయండి. రాసేటప్పుడు కళ్లతో చూసినవాటిని ఒక రంగుతో, అమ్మేవాళ్లు చెప్పినవాటిని ఇంకో రంగుతో రాయండి. రెండో రంగు ఎక్కువైతే ఇంకోసారి వెళ్లాలి.

ఒక్క గుర్తు చూసి నిర్ణయానికి రావద్దు. ఖాళీ బెజ్జాలు ఉన్నాయి, కానీ పాత ఫొటోలో 1934 నాటికే ఈ బాడీ ఈ నంబరు ప్లేటుతో కనిపిస్తోంది. అప్పుడు అది ఆ కాలంలోనే మార్చిన బాడీ, విలువైన చరిత్ర. అవే బెజ్జాలు, చట్రం అంతా ఒకే రంగు, టిగ్ అతుకులు, ఎక్కడా పని నంబరు లేదు. అప్పుడు అది ఈమధ్య కట్టింది. ధర ఆ ప్రకారం ఉంటే, మీకు నడుపుకోవడానికి మంచి కారు కావాలంటే నిశ్చింతగా కొనుక్కోండి. మీకు అమ్మినవాళ్లు ఏం చెప్పారో, మీరు ఏం కనుక్కున్నారో రెండూ రాతపూర్వకంగా కారు ఫైల్లో పెట్టండి.

పదో అడుగు: కొన్నాక మొదటి ఏడాది

ముందు ఏమీ చేయకండి. రంగు వేయించకండి, తోలు మార్చకండి, నికెల్ పూతను తీసేసి క్రోమ్ పూత వేయించకండి. అన్ని వైపుల నుంచి, ఫ్లోర్‌బోర్డుల కింద కూడా, వెలుతురు మార్చి మార్చి ఫొటోలు తీయండి. అసలు రంగు, అసలు గుడ్డ ఒకసారి తీసేస్తే ఎంత డబ్బు పోసినా తిరిగి రావు.

చెక్క, తోలు రెండూ గాలిలో తేమ ఒక్కసారిగా మారితే తట్టుకోలేవు. షెడ్డులో గాలి తేమ 50 శాతం దరిదాపుల్లో నిలకడగా ఉండేలా చూడండి. మరీ పొడి గాలిలో యాష్ కుంచించుకుపోయి అతుకులు విడతాయి, మరీ తడిగా ఉంటే ముందు చెప్పిన బూజు వస్తుంది. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కప్పొద్దు. కారు తడిస్తే తలుపులు తెరిచి ఆరనివ్వండి, తలుపుల అడుగున నీళ్లు పోయే బెజ్జాలు మూసుకుపోయాయేమో సన్నటి తీగతో చూడండి. ఒక్క ఈ పని క్రమం తప్పకుండా చేసి ఉంటే ఎన్నో చట్రాలు ఈ రోజుకీ గట్టిగా ఉండేవి.

మరమ్మతు తప్పనిసరైతే పుచ్చినంత మేరే కోయించండి. గడపలో ఒక అడుగు పోయిందని గడప మొత్తం మార్చేస్తానంటే ఒప్పుకోవద్దు, మంచి వడ్రంగి మిగిలిన పాత చెక్కకు వాలు అతుకు వేసి కొత్త ముక్క కలపగలడు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా మార్చిన భాగాల మీద చెరగని, కంటికి కొట్టొచ్చినట్టు కనపడని గుర్తు ఉండాలంటుంది. కాబట్టి కొత్త చెక్క ముక్క బిగించే ముందు దాని లోపలి వైపు సంవత్సరం చెక్కించండి. తీసేసిన పాత ముక్క ఎంత పుచ్చినా సరే, ఎక్కడి నుంచి తీశారో చీటీ కట్టి పెట్టెలో దాచండి. మేకు బెజ్జాల వరుస, పెన్సిల్ నంబరు, రంగు మరక ఆ ముక్క మీద ఇంకా ఉంటాయి. మీ తర్వాత ఆ కారును పరిశీలించడానికి వచ్చేవాళ్లు టార్చ్ పట్టుకుని వెతికేది వాటినే.